ఏనుగుల ఊరి మీద ముప్పై అభిప్రాయాలు

ఆ ఆదివారం ఉదయం గీతాంజలి వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం మూడు గంటలకు క్లెమెంటి కమ్యూనిటీ హాల్లో తెలుగు సంఘం వాళ్ళు పిల్లల కోసం బొమ్మల సినిమా వేస్తున్నారు. మూడో వరసలో రెండు కుర్చీలు పట్టాలి. ఒకదాంట్లో తను కూర్చోవాలి, రెండో దాంట్లో నాన్న కూర్చోవాలి. అంతే.

నాన్న వీరభద్రరావు రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో, రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమవుతాయో చూసే పనిలో ఉన్నాడు. ఆ సంవత్సరం రావడానికి ఇంకా రెండు నెలలు ఉంది గానీ, ఆయన మాత్రం ముందే ఇల్లు ఖాళీ చేసి అందులోకి వెళ్ళిపోయినట్టు ఉండేవాడు. గీతాంజలి పర్చూరు దగ్గర పల్లెలో పదో తరగతి పూర్తి చేసి, అమ్మతో పాటు సింగపూర్ వచ్చి ఐదు నెలలైంది. మూడేళ్ళు ఉత్తరాల్లో ఉన్న నాన్న ఇప్పుడు బాత్‌రూంలో తడి తువ్వాలుగా, సింకులో కాఫీ గ్లాసుగా ఉంటున్నాడు. ఉత్తరాల్లో ఉన్నప్పుడే కాస్త ఎక్కువ మాట్లాడేవాడని ఆమె డైరీలో రాసుకుంది.

"మూడింటికల్లా వచ్చేస్తానమ్మా. నా కుర్చీ పట్టి ఉంచు," అన్నాడు పొద్దున బూట్లు వేసుకుంటూ.

"నిజంగా?"

"ఆదివారం కూడా అబద్ధం చెప్తానా?"

గీతాంజలి రెండున్నరకే వెళ్ళి, పక్క కుర్చీలో టిష్యూ పొట్లం పెట్టింది. ఈ దేశంలో కుర్చీ మీద టిష్యూ పొట్లం ఉంటే దాని మనిషి వస్తాడని అర్థం. ఎంత రద్దీలోనైనా దాన్ని ఎవరూ కదిలించరు. ఈ ఊరి అలవాట్లన్నిటిలోకీ ఆమెకు ఇదే బాగా నచ్చింది.

ఇంతలో సంఘం కార్యదర్శి రాజారావు గారు నోటు పుస్తకంతో వచ్చారు. సినిమాను ఏదో పిల్లల సినిమాల సంస్థ ఉచితంగా పంపిందట. ఒకటే షరతు. చూసినవాళ్ళ అభిప్రాయాలు ముప్పై, పేర్లతో సహా, వారంలోగా పంపాలి.

"నీ తెలుగు దస్తూరి ముత్యాల్లా ఉంటుందని మీ అమ్మ చెప్పింది. సినిమా అయ్యాక ఒక్కొక్కళ్ళనీ అడిగి రాసి పట్టుకురామ్మా. నేను ఇంగ్లీషులో పెట్టి పంపిస్తా."

గీతాంజలికి కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు ఎండిపోతుంది. ఆ మాట చెబుదామనుకుంది. అప్పటికే గొంతు ఎండిపోయింది.

సినిమా ఏనుగుల ఊరి గురించి. ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ తుపాకి ఉంటుంది. ఒకరోజు ఒక ఏనుగు పిల్ల బొమ్మ అనుకుని నాన్న తుపాకి తీసి పేలుస్తుంది. ఎవరికీ దెబ్బ తగలదు గానీ, ఆ చప్పుడుకు పిల్ల చెవులు పట్టుకుని వారం రోజులు ఎవరితోనూ మాట్లాడదు. అప్పుడు ఊరంతా తుపాకులు తెచ్చి ఎండిపోయిన బావిలో పడేస్తారు. హాల్లో పిల్లలు మొదటి పది నిమిషాలు వేళ్ళతోనే ఒకళ్ళనొకళ్ళు కాల్చుకున్నారు. పెద్దవాళ్ళు తమ సందేహాలు తాము చెప్పుకున్నారు.

"ఈ దేశంలో చూయింగ్ గమ్మే దొరకదు. తుపాకి ఎక్కడ దొరుకుతుందండీ?"

"ఏనుగు వేలు ట్రిగ్గర్‌లో ఎలా పట్టిందంటారు?"

మూడున్నర అయింది. నాలుగయింది. టిష్యూ పొట్లం కదలకుండా కూర్చుని సినిమా మొత్తం చూసింది.

దీపాలు వెలిగాక గీతాంజలి పుస్తకం పట్టుకుని బయల్దేరింది. ముందు రాజారావు గారి ఏడేళ్ళ కొడుకు నవనీత్ దొరికాడు. "బోరింగ్ లా! ఒక్కళ్ళు కూడా చావలేదు," అన్నాడు, ఈ ఊరి పిల్లల్లాగే మాటకు 'లా' తగిలించి. తర్వాత వాడి తాతగారు సాంబమూర్తి గారు, కూతురి దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దాయన, అప్పుడే నిద్ర లేస్తూ, "ఏసీ ఎక్కువైంది," అన్నారు. అవి రెండూ రాసుకుంది. మూడో మనిషి దగ్గరికి వెళ్ళి నిలబడింది, ఆవిడ తలెత్తి చూసేసరికి మంచినీళ్ళ కోసం వచ్చినట్టు పక్కకు తిరిగింది. అలా ఏడు గ్లాసులు తాగింది. అందరూ పులిహోర తిని ఇళ్ళకు వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చి, మిగతావి తనే రాసింది. మోసం చేయాలని కాదు. ఐదు నెలలుగా మాట్లాడకుండా అందరినీ చూస్తూ ఉంది కదా, ఎవరు ఏమనుకుంటారో కాస్త తెలుసు. రాజారావు గారి భార్య చాముండేశ్వరి ఆంటీ పేరు మీద ఇలా రాసింది: "మా ఇంట్లో తుపాకి లేదు, టీవీ రిమోట్ ఉంది. అది మావారి చేతిలోంచి తీసుకుని బావిలో వేసే రోజు కూడా రావాలి." క్లెమెంటిలోనే గది అద్దెకు తీసుకుని పరిశోధన చేసుకునే విశ్వనాథం పేరు మీద ఇలా: "ఏనుగులు తుపాకులు పారేసి హాయిగా ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాయి. పారేయడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను ఇంటికి ఎప్పుడు వెళ్తానో, అన్నం ఎప్పుడు తింటానో."

ఇరవై తొమ్మిది అయ్యాయి. ఒక్కటి తక్కువైంది. గీతాంజలి కాసేపు కలం కొరికి, "వీరభద్రరావు" అని రాసి, కింద గబగబా నింపేసింది:

"దీపావళికి కేపుల తుపాకి కొనిస్తే మా అమ్మాయి చప్పుడుకు భయపడేది. నేను వెనక నిలబడి రెండు చెవులూ మూసేవాణ్ణి, అది పేల్చేది. సినిమాలో ఆ పిల్లకు అంత పెద్ద చెవులు ఉన్నాయి గానీ, మూయడానికి ఎవరూ లేరు. పిల్ల చెవులు మూయడానికి చేతులు ఖాళీ లేనివాళ్ళు ఇంట్లో తుపాకి ఉంచుకోకూడదని చట్టం చేయాలి."

సోమవారం పుస్తకం ఇచ్చింది. రాజారావు గారు చదివి, కళ్ళు తుడుచుకుని, ఇంగ్లీషులో పెట్టి సంస్థకు ఫ్యాక్స్ చేశారు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆనందం ఆపుకోలేక తెలుగులోనే ముప్పై కాపీలు తీయించి సంఘం వాళ్ళ ఇళ్ళన్నిటికీ పంచారు. తన కాపీ తీసుకుని ఇంటికి వెళ్ళాక గానీ భార్య అభిప్రాయం మళ్ళీ ఒకసారి నెమ్మదిగా చదవలేదు.

"రిమోట్ గురించి ఊరందరికీ చెప్పుకున్నావా?"

చాముండేశ్వరికి అలా అన్నట్టు గుర్తులేదు. కానీ చదువుతుంటే తన మాటలాగే ఉంది. "అన్నాను. తప్పేముంది? ఇలా ఇవ్వండి," అంది. పద్నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి రిమోట్ చేతులు మారింది.

విశ్వనాథం కూడా కాపీ చదివి కంగారుపడ్డాడు. తను అనని మాట అని చెప్పడానికి మొదటి ఇంటికి వెళ్ళాడు. వాళ్ళు తలుపు తీస్తూనే, "ఏం నాయనా, మాతో ఒక్క మాట చెప్పకూడదూ?" అని గోంగూర పచ్చడీ అన్నమూ పెట్టారు. తిన్నాక చెబుదామనుకున్నాడు. తిన్నాక చెప్పాలనిపించలేదు. ఆ వారంలో నాలుగు ఇళ్ళల్లో భోంచేశాడు.

ఇలా ఎవరూ కాదనకపోవడంతో గీతాంజలికి భయం తగ్గాల్సింది. కానీ గురువారం సంస్థ నుంచి జవాబు వచ్చింది. అన్నిటిలోకీ వీరభద్రరావు అభిప్రాయం గొప్పదనీ, దానికి మొదటి బహుమతి అనీ, ఆదివారం జరిగే దీపావళి సంబరానికి తమ ప్రతినిధి వచ్చి ఆయన నోటి నుంచే వింటుందనీ దాని సారాంశం.

శుక్రవారం మధ్యాహ్నం రాజారావు గారు బ్యాంకుకు ఫోన్ చేశారు. "భద్రం గారూ! తుపాకుల గురించి మీరన్నది అద్భుతం!"

లైను సరిగ్గా లేదు. వీరభద్రరావు గొంతు పెంచాడు. "తుపాకా? నా దగ్గర తుపాకి ఎక్కడుందండీ?... ఆదివారం తుపాకి గురించి స్టేజీ మీదా?... ఏ తుపాకండీ బాబూ!"

ఆ అంతస్తులో తెలుగు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. అయితే గుమ్మం దగ్గర కాపలా ఉండే పెద్దమనిషిది తమిళం. మిగతా మాటలు ఎలా ఉన్నా, ఆ ఒక్క మాట ఆయన భాషలోనూ అదే. ఒక బ్యాంకులో, ఫోన్లో, ఒక మనిషి నాలుగుసార్లు తుపాకి అన్నాక ఆయన చేయాల్సిన పని ఆయన చేశాడు. ముగ్గురు అధికారులు వీరభద్రరావును గదిలో కూర్చోబెట్టి గంటసేపు ప్రశ్నలు వేశారు. చివరికి పని ఎక్కువై మనిషికి మతి చలించిందని తేల్చి, సోమవారం దాకా ఆఫీసు వైపు రావద్దని పంపించేశారు.

నాలుగింటికి తలుపు చప్పుడైతే గీతాంజలి తీసింది. మధ్యాహ్నపు వెలుగులో నాన్నను చూసి నెలలైంది. చెవుల దగ్గర జుట్టు నెరిసిందని అప్పుడే తెలిసింది.

"నేనేదో అభిప్రాయం చెప్పానట. నీకేమైనా తెలుసా?"

ఆమె లోపలికి వెళ్ళి, తన కాపీ తెచ్చి బల్ల మీద పెట్టి, వంటింటి గుమ్మం వెనక నిలబడింది. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు.

"చెవులు మూసేవాణ్ణా నేను?"

"ఊఁ."

"ఎప్పుడు?"

"నాకు ఆరేళ్ళప్పుడు. ఏడేళ్ళప్పుడు కూడా."

ఆయన కాగితం మడిచాడు. "గుర్తు రావడం లేదే, తల్లీ," అన్నాడు.

తిట్టినా బాగుండేదని గీతాంజలి డైరీలో రాసుకుంది. ఆ రోజు ఇంకేమీ రాయలేదు.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. సంస్థ ప్రతినిధి, తెల్ల జుట్టున్న ఒక దొరసాని, ముందు వరసలో కూర్చుంది. రాజారావు గారు మైకులో వీరభద్రరావును పిలిచారు. ఆయన వెళ్ళి గొంతు సవరించుకున్నాడు.

"నేను ఆ సినిమా చూడలేదండీ. ఆ రోజు నా కుర్చీలో టిష్యూ పొట్లం కూర్చుంది. నా పేరుతో రాసింది మా అమ్మాయి. తప్పు దానిది కాదు, రాని వాడిది."

తెలుగు రాని దొరసాని ఒక్కతే చప్పట్లు కొట్టింది. రాజారావు గారి ముఖంలో నెత్తురు లేదు. "అయితే మిగతావో?" అన్నారు.

గీతాంజలి లేచింది. ఈసారి గొంతు ఎండలేదు. "అన్నీ నేనే రాశానంకుల్. నవనీత్‌దీ, తాతగారిదీ తప్ప."

ఇక అయిపోయింది అనుకుంది. కానీ చాముండేశ్వరి ఆంటీ విసురుగా లేచింది. "ఇదెక్కడి గోల? మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదు. రిమోట్ మాట మాత్రం నేనే అన్నాను!"

"నాది నేనే అన్నాను!" అని విశ్వనాథం వెనక వరసలోంచి అరిచాడు. ఆ పూట కూడా అతనికి ఒకరింట్లో భోజనం ఉంది. వరసగా అందరూ లేచి ఎవరి మాట వాళ్ళదేనని ప్రమాణాలు చేశారు. పిల్లకు జ్వరమేమోనని ఎవరో నుదురు తాకి చూశారు. తన మాట తనది కాదని ఒప్పుకున్నది ఒక్క వీరభద్రరావే కాబట్టి, ఆయన బహుమతి రద్దయింది. ఎవరికీ అనుమానం లేని అభిప్రాయాలు రెండే మిగిలాయి. "బోరింగ్ లా"కు బహుమతి ఇవ్వలేరు. అందుచేత "ఏసీ ఎక్కువైంది" అన్నందుకు సాంబమూర్తి గారికి మొదటి బహుమతి ఇచ్చి, శాలువా కప్పారు. ఆయన దాన్ని మెడ దాకా లాక్కుని సంతోషించారు.

"భద్రం గారూ, మీరు మాత్రం ఇప్పుడు కూర్చుని సినిమా చూసి, నిజం అభిప్రాయం చెప్పాలి. ముప్పై లెక్క తగ్గితే దొరసాని ఊరుకోదు," అన్నారు రాజారావు గారు, పుస్తకం తీసి.

దీపాలు ఆరిపోయాయి. మూడో వరసలో పక్క కుర్చీలోంచి గీతాంజలి టిష్యూ పొట్లం తీసేసింది. నాన్న కూర్చున్నాడు. తెర మీద ఏనుగు పిల్ల నాన్న తుపాకి వైపు తొండం చాచింది. సరిగ్గా పేలే ముందు, పక్క నుంచి రెండు చేతులు వచ్చి గీతాంజలి చెవులు మూశాయి. ఆమె తల తిప్పి చూసింది. ఆయన తెర వైపే చూస్తున్నాడు, తన చేతులు ఎక్కడున్నాయో ఆయనకు తెలిసినట్టు లేదు. ఢామ్మన్న చప్పుడు ఆమెకు ఎక్కడో దూరంగా, వాళ్ళ ఊళ్ళో వినిపించినట్టు వినిపించింది.

ఏనుగులు బావి దగ్గరికి చేరేలోగా ఆ చేతులు బరువెక్కి జారిపోయాయి. నెరిసిన తల ఆమె భుజం మీదికి ఒరిగింది. మూడు నెలల నిద్ర ఒక్కసారిగా వచ్చినట్టుంది. సినిమా అయ్యాక కూడా గీతాంజలి కదలలేదు.

రాజారావు గారు కలం పట్టుకుని వచ్చి, వంగి, "ఎలా ఉందండీ సినిమా?" అని అడిగారు.

వీరభద్రరావు కళ్ళు తెరవకుండానే, "ఏసీ ఎక్కువైంది," అన్నాడు.