ఏసేపు సారు కాలెత్తిన కథ

స్వస్తిశ్రీ! తొలకరి మేఘుడు కర్నూలు సీమను రెండు గడియలు తడిపి తన దారిన తాను పోయిన మరునాటి ఉదయమున, తుగ్గలి ఎర్రచేలలో వజ్రాన్వేషణ మహాసంగ్రామము మొదలయ్యెను. వాన కడిగిన నేలలో వజ్రము మెరయునను ఆశతో నాలుగు మండలాల జనము సద్దిమూటలు కట్టుకొని వచ్చి, నడుములు వంచి వెదకుచుండిరి.

ఆ సేనలో గొడుగు చాటున ముఖము దాచుకొని యొక వీరుడుండెను. ధనాశ మనిషిని ఎట్లు చెరచునో చెప్పెడి పాత నవలనొకదానిని పత్తికొండ బడిలో ముప్పదియేండ్లు బోధించి, ఏటేటా ఆ పాఠమున కంట తడిపెట్టి, నిరుడు రిటైరైన ఏసేపు సారు ఆయనయే. పెన్షను కాగితాల పనియని భార్య సంతోషమ్మకు చెప్పి వచ్చెను.

పది గంటల వేళ అడుగు దూరమున శనగబద్దంత తెల్లని రాయి తళుక్కుమనెను. తోడనే ఆ ధీరోదాత్తుడు కుడిపాదమును దానిపై మోపెను. వంగి తీసిన పదిమంది చూతురు. చూచిన పంచాయితీ పుట్టును. కావున జనము అన్నమునకు మళ్లువరకు కదలరాదని నిశ్చయించి, నిలిచినచోటనే పత్తికొండలో రెండంతస్తుల మేడ కట్టి, పైయంతస్తు అద్దెకిచ్చి, అద్దె పెంచి, బాడుగవానితో తగవు కూడ పడెను.

అంతలో ఆదోని దిక్కునుండి వచ్చిన హులిగెమ్మ నేలను చేత నిమురుచు ఆయన చెంతకు చేరెను.

“సారూ, నా ముక్కుపుల్ల రాయి ఈడనే యాడనో పడిపోయింది. మా యమ్మది. చూస్తిరా?”

వజ్రము కాజేయుటకు ఎంత మాయోపాయము పన్నినదని సారు లోలోన పండ్లు కొరికి, “నేను చూడలేదమ్మా” అని గంభీరముగా పలికెను. ఆమె పోలేదు, అక్కడక్కడే వెదకుచుండెను.

అప్పుడు గండుచీమల దండు ఆయన కుడికాలిపై విరుచుకుపడెను. చెప్పుపట్టీ కోటను లంఘించి, మడమ బురుజును పట్టుకొని, పిక్కపై జెండా నాటెను. కాలెత్తిన మేడ కూలును, ఎత్తకున్న చర్మమూడును. ఆ మహాయోధుడు చెమటలు కక్కుచు నిలిచియే యుండెను.

ఆ దారుణ సమయమున పూర్వశిష్యుడు, ఆటో నడుపు నాగరాజ్, మిత్రులతో వచ్చి నమస్కరించెను. సారు వజ్రమునకై వచ్చియుండునను ఊహయే వానికి రాలేదు. తమకు బుద్ధిచెప్ప వచ్చినాడనుకొని సిగ్గుపడెను.

“సార్, ఆ నవల్లో ఆయప్ప శానా మంచోడు గదా, మొదుట యాడ చెడిపోయినాడో మీరు చెప్తాంటిరి. వీళ్లకొకసారి చెప్పండి సార్.”

సారు గొంతు సవరించుకొనెను. “వినుడు నాయనలారా! అతడు ఊరి భూములు మింగిననాడు చెడలేదు. దొంగసాక్ష్యము పలికిననాడు చెడలేదు. అవన్నియు తరువాత వచ్చినవి. దిక్కులేని ఆడుమనిషి యొకతె ఎదుట నిలిచి అడిగిననాడు, చూచియు, ‘నేను చూడలేదమ్మా’ అని...”

హులిగెమ్మ తలయెత్తి చూచెను. ఏటేటా తడిసిన సారు కన్నులు మరల తడిసినవి. ఈసారి కొంత చీమల వలన.

“ఇదిగోమ్మా” అని సారు కాలెత్తెను.

హులిగెమ్మ రాయిని తీసి, ఊది, కొంగున తుడిచి, ముక్కుపుల్లలో అమర్చి చూచుకొనెను. “గాజుదే సారూ. మీ కాలు శానా వాచిండాది, సున్నం పూసుకోండి” అని చెప్పి పోయెను. పాఠము మిగిలియున్నదనుకొని నాగరాజ్ చేతులు కట్టుకొని నిలిచియే యుండెను.

అట్లు ఏసేపు మహావీరుడు రెండంతస్తుల మేడను స్వయముగా నేలమట్టము గావించి, కుంటుచు పత్తికొండ బస్సెక్కెను. దిక్కులారా, వినుడు! నాడు తుగ్గలి చేలలో ధనాశపై ధర్మము గెలిచినది. గెలిచిన నేల, కొలిచి చూడగా, తొమ్మిదో నంబరు చెప్పంత.