ముగ్గురు అన్నదమ్ములకు ఆరు కోర్లు

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, యూనిఫారాలు కుట్టడంలో ముప్పై ఏళ్ల అనుభవం గడించిన మా సంస్థ, ఏడు నెలల పదకొండు రోజుల చర్చల అనంతరం ఒక ప్రాసెసర్‌ను ఎంపిక చేసింది. ప్రాసెసర్ అంటే అగ్గిపెట్టెలో పట్టేంత చదరపు బిళ్ల. సర్వర్ అనే పెట్టెలో కూర్చుని ఆలోచించడం దాని పని. మా సంస్థలో అంతకుముందు ఆ పని చేసేవాళ్లెవరూ లేరు కనుక ఎంపికలో కొంత జాప్యం జరిగింది.

ఈ చరిత్ర రాయడానికి నాకున్న అర్హత, నేను కాజాలు కుట్టేవాణ్ణి కావడమే. బొత్తాం దూరేంత కన్నం చుట్టూ ముప్పై కుట్లు వేసే చెయ్యి కాబట్టి దస్తూరి కుదురుగా ఉంటుందని నన్ను కార్యదర్శిగా వేసి, తీర్మానాల పుస్తకం అప్పగించారు. సమావేశం ఉన్న రోజు కాజాలు కుట్టనక్కర్లేదు. అందుచేత సమావేశాల్లో ఎవరేం మాట్లాడినా నేను అడ్డు చెప్పలేదు.

సంస్థను ముగ్గురు అన్నదమ్ములు నడుపుతారు. పెద్దయ్య కుర్చీలో కూర్చుంటారు. నడిపయ్య ఆ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని పక్కనే నిలబడతారు. చిన్నయ్య అద్దాల గదిలో ఫోను మాట్లాడతారు. వీళ్లకొక తోబుట్టువు ఉంది. నడిపయ్యకు చెల్లెలు, చిన్నయ్యకు అక్క. మేమంతా కొలతలమ్మ అంటాం. జీతాల పట్టీలో ఆవిడ పేరు లేదు, ఇంటి మనిషికి జీతమేమిటని. వాటాదారుల పట్టీలోనూ లేదు, పెళ్లయి ఇంకో ఇంటికి వెళ్లిన మనిషికి వాటా ఏమిటని. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ రెండిళ్లకూ మధ్య ఎక్కడో నిలబడి, మెడలో టేపు వేసుకుని, ఇరవై ఆరేళ్లుగా కొలతలు తీస్తోంది.

తొమ్మిది వేల మంది కొలతలున్నాయి ఆవిడ దగ్గర. అంకెలొక్కటే కాదు. 'ఎడమ భుజం అర అంగుళం కిందికి' అని ఒకరి పక్కన, 'ఊపిరి బిగబట్టి నడుము కొలత ఇచ్చాడు, రెండంగుళాలు కలపాలి' అని ఇంకొకరి పక్కన రాసి ఉంటుంది. ముందు నోటు పుస్తకంలో రాసుకుని, తర్వాత కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. యంత్రాలను నమ్మడం ఆవిడకు అలవాటు లేదు. మనుషుల్ని నమ్మడం మాత్రం బాగా అలవాటు.

ఆ కంప్యూటర్‌కు ఒక పక్క రేకు ఊడదీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టారు. కౌంటరు నుంచి ఒకరు, కటింగ్ గది నుంచి ఒకరు, కొలతల బల్ల దగ్గర ఆవిడ, ముగ్గురూ ఒకేసారి అడిగితే అది మూలిగి ఆగిపోయేది. చివరికి ఆవిడ ఒక అర్జీ రాసింది. 'పాతది రోజుకు మూడుసార్లు ఆగిపోతోంది. పూర్తిగా పోతే అందులోని కొలతలన్నీ పోతాయి. ఆసుపత్రి పని దగ్గర పడుతోంది. కొత్తది ఏదైనా సరే, త్వరగా ఇప్పించగలరు.' రెండేళ్లకోసారి పెద్దాసుపత్రిలో నాలుగు వందల మందికి మేమే కుట్టేది. మా సంస్థ బతికేది ఆ పని మీదే.

అర్జీలో 'ఏదైనా సరే' అన్న మాట పెద్దయ్యకు నచ్చలేదు. "ఏదైనా సరే అని కొనడానికి ఇదేమైనా కత్తెరా?" అన్నారు. వెంటనే ప్రాసెసర్ ఎంపిక సంఘం ఏర్పాటైంది. అన్నదమ్ములు ముగ్గురూ సభ్యులు, కటింగ్ మాస్టారు సాంకేతిక సలహాదారు. అర్జీ పెట్టిన మనిషిని మాత్రం సంఘంలో వేసుకోలేదు. ఆవిడ కూడా సమావేశానికి వస్తే కొలతలు ఎవరు తీస్తారన్న ముందుచూపే ఇందుకు కారణం.

కంప్యూటర్లు అమ్మే ఆయన రెండు రకాలు తెచ్చాడు. "చిన్న వ్యాపారాలకి ఇవి మొదటి మెట్టు సర్. కోరంటే లోపల పనిచేసే ఒక బుర్ర. ఇది నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. ఇది ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. మీ పనికి నాలుగు కోర్లదే ఎక్కువ. సరేనంటే రేపే బిగించేస్తా," అన్నాడు. రేపే అనడంతో ఆయన మీద సంఘానికి అనుమానం వచ్చింది.

మొదట కటింగ్ మాస్టారు లేచారు. "థ్రెడ్ అంటే దారమే కదా. మన అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను మీద అయిదు దారాలకి మించి ఎప్పుడూ ఎక్కించలేదు. పన్నెండు దారాలు ఒక్కసారి లాగితే ఏ గుడ్డయినా ముడుచుకుపోతుంది. ఇంతకీ కాటనా, పాలిస్టరా?" అని అడిగారు. ఇది ఆ దారం కాదని అమ్మే ఆయన అరగంట చెప్పాడు. మాస్టారు సంతృప్తిపడక నమూనాగా మూర దారం తెచ్చి చూపించమన్నారు. తర్వాతి వారం ఆయన ఒక నీలం కేబులు ముక్క తెచ్చి ఇచ్చాడు. మాస్టారు దాన్ని రెండు చేతులా లాగి, గట్టిదేనని ధ్రువీకరించారు. ఆ ధ్రువీకరణను నేనే పుస్తకంలోకి ఎక్కించాను.

రెండో నెలలో మెమరీ గురించి చర్చ జరిగింది. సర్వర్‌లో వాడే మెమరీ తన తప్పులు తనే కనిపెట్టి దిద్దుకుంటుందని అమ్మే ఆయన గొప్పగా చెప్పాడు. పెద్దయ్య ముఖం ఎర్రబడింది. "ముప్పై ఏళ్లుగా నడుపుతున్నాను. ఈ గోడల మధ్య ఒక్క తప్పు జరిగిందని ఎవరైనా చెప్పగలరా?" అని అందరినీ కలయజూశారు. అలాంటి మెమరీ పెట్టుకుంటే తప్పులున్నాయని మనమే ఒప్పుకున్నట్టవుతుందని, మామూలు మెమరీయే సంస్థ గౌరవానికి తగినదని తీర్మానించారు. ఆ రోజు పెద్దయ్య చొక్కాకు పై బొత్తాం రెండో కాజాలో ఉంది. నేను గమనించాను కానీ, తీర్మానంలో రాయలేదు.

అసలు సంగతి మూడో నెలలో మొదలైంది. నడిపయ్య చాలాసేపు కాగితం మీద ఏదో భాగహారం చేసి, "కోరు అంటే వాటా. నాలుగు కోర్లు ముగ్గురికి ఎలా పంచుతారు?" అని అడిగారు.

గదిలో ఎవరూ నవ్వలేదు. మీరు నవ్వితే అది మీ అనుభవం చాలకపోవడం. వాటా అన్న మాట వినపడ్డ చోట నవ్వే కుటుంబాన్ని నేనింతవరకూ చూడలేదు.

పెద్దవాణ్ణి కనుక మిగిలిన కోరు తనదేనని పెద్దయ్య అన్నారు. అలా అయితే దుకాణం మేడ మీద గది సంగతి కూడా ఇప్పుడే తేల్చాలని నడిపయ్య అన్నారు. మిగిలిన కోరును నాలుగేసి నెలల చొప్పున వంతులవారీగా వాడుకుందామని చిన్నయ్య అద్దాల గదిలోంచే సలహా ఇచ్చారు. అమ్మే ఆయన చేతులు జోడించి, "కోర్లు ఎవరి పేరు మీదా ఉండవు సర్. పని వచ్చినప్పుడు ఏది ఖాళీగా ఉంటే అది చేసేస్తుంది," అన్నాడు.

"అలా వదిలేసిన ఇళ్లే నాశనమయ్యాయి," అన్నారు నడిపయ్య.

అప్పుడు కటింగ్ మాస్టారు, ఆయన కడుపులో ఏమీ దాచుకోలేని మనిషి, "ఇందులో గొడవేముందయ్యా? మీరు తోబుట్టువులు నలుగురు. నాలుగు కోర్లూ లెక్కగా సరిపోతాయి," అన్నారు.

ఆ మాటకు పక్క గదిలో అంకెలు చెబుతున్న కొలతలమ్మ గొంతు ఆగింది. పెద్దయ్య మంచినీళ్లు తాగారు. నడిపయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. చిన్నయ్య జీవితంలో మొదటిసారి ఫోను పెట్టేశారు. మూడు నెలలుగా ఏ విషయంలోనూ కలవని అన్నదమ్ములు ఆ క్షణాన ఒక్కటయ్యారు. భవిష్యత్ అవసరాల దృష్ట్యా నాలుగు కోర్ల ప్రాసెసర్ మన సంస్థకు ఎంతమాత్రం తగదని ఏకగ్రీవంగా తీర్మానించారు. 'ఎంతమాత్రం' కింద గీత గీయమన్నారు. గీశాను.

ఇక మిగిలింది ఆరు కోర్లది. మనిషికి రెండు. ఫ్యాను పక్కనుండే చల్లని రెండు కోర్లూ ఎవరివన్న ప్రశ్న మీద మరో నాలుగు నెలలు గడిచాయి. ఈ మధ్యలో కొలతలమ్మ ఇంకో రెండు అర్జీలు పెట్టింది. రెండింటినీ స్వీకరించినట్టు సంతకం చేశాను. నా సంతకం చాలా అందంగా ఉంటుంది.

ఒక మంగళవారం పొద్దున పది గంటలకు, టేబుల్ ఫ్యాను తిరుగుతుండగానే, పాత కంప్యూటర్ ఆగిపోయింది. తెర నల్లబడింది. తట్టారు, తిట్టారు, తీసి మళ్లీ పెట్టారు. తొమ్మిది వేల మంది భుజాలు, నడుములు, చేతుల పొడవులు దాంతో పాటే పోయాయి. కొలతలమ్మ చాలాసేపు ఆ నల్ల తెర ముందే కూర్చుంది. తర్వాత ఫ్యాను స్విచ్చి కట్టేసింది.

పద్ధతి ప్రకారం చీట్లు వేసి చల్లని కోర్ల సంగతి ఆ సాయంత్రమే తేల్చారు. అవి చిన్నయ్యకు వచ్చాయి. వారం తిరక్కుండా కొత్త సర్వర్ దిగింది. దాని ముందు అట్ట మీద ముగ్గురు అన్నదమ్ముల పేర్లూ వయసు వరసలో అంటించారు. పెద్దయ్య ఉపన్యసించారు. "మన సంస్థ నేడు ఆరు కోర్ల సంస్థ. ఐకమత్యమే మన ప్రాసెసర్. ఈ పెట్టెలో కూర్చున్నది బిళ్ల కాదు, మా అన్నదమ్ముల అనురాగం," అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. సర్వర్ వెలిగింది. దాంట్లో ఏమీ లేదు.

ఆసుపత్రి పనికి ఇంకా మూడు వారాలే ఉంది. అందరూ కొలతల బల్ల వైపు చూశారు. ఆవిడ బీరువా తెరిచింది. అందులో నోటు పుస్తకాలు, అట్టలు వేసి, ఏళ్లవారీగా అంకెలు వేసి, నలభై మూడున్నాయి. పెద్దయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు కూడా తిరిగాయి, అబద్ధమెందుకు.

"మా బంగారు చెల్లివమ్మా. కూర్చో, అన్నీ ఎక్కించేయి," అన్నారు పెద్దయ్య.

కొలతలమ్మ సర్వర్ దగ్గరికెళ్లి, అట్ట మీది పేర్లు పైనుంచి కిందికి ఒకసారి చదివింది. "ఏ కోరులో ఎక్కించమంటావు అన్నయ్యా?" అని అడిగింది.

పెద్దయ్య అట్ట వైపు చూశారు.

"రెండు నీవి, రెండు నడిపన్నయ్యవి, చల్లగా ఉండే రెండూ తమ్ముడివి. నావి ఎక్కడ పెట్టుకోను?"

"నువ్వు పరాయిదానివా ఏంటి? ఎక్కడైనా పెట్టుకో," అన్నారు నడిపయ్య.

"ఇరవై ఆరేళ్లు ఎక్కడైనా పెట్టుకున్నాన్లే," అని ఆవిడ ఒక పుస్తకం తీసి, ఒక పేజీ తిప్పి, చప్పుడు లేకుండా చదువుకుంది. నేను వెనకే ఉన్నాను కనుక నాకు కనబడింది. ముగ్గురు అన్నదమ్ముల కొలతలూ ఉన్నాయి అందులో. పెద్దయ్య పేరు పక్కన, 'ఛాతీ పొంగించి కొలత ఇచ్చాడు, రెండంగుళాలు తగ్గించాలి' అని రాసి ఉంది. పేజీ మూసి, నలభై మూడింటినీ రెండు గోనె సంచుల్లో సర్దింది. కటింగ్ మాస్టారు ఒక సంచి ఎత్తుకున్నారు. ఆయన మళ్లీ తిరిగి రాలేదు.

వీధి మలుపులో ఆవిడ ఒక చిన్న గది తీసుకుంది. ఎవరో వాడి వదిలేసిన మామూలు కంప్యూటర్ ఉందక్కడ. దానికెన్ని కోర్లని అడిగితే లెక్కపెట్టలేదంది. ఆసుపత్రి వాళ్లు కొలతలెక్కడుంటే పని అక్కడికే పంపారు.

మా సంస్థ ఊరుకుంటుందా? అత్యవసర సమావేశం జరిపింది. కోర్లు చాలకపోవడమే ఈ విపత్తుకు కారణమని తేల్చి, ఎనిమిది కోర్ల ప్రాసెసర్ కొనాలని, అందులో రెండు కోర్లు తోబుట్టువుకు కేటాయించాలని ఉదారంగా తీర్మానించింది. ఒకే ఒక్క షరతు. ఆ రెండు కోర్లనూ తన అన్నదమ్ములకు ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నట్టు ఆవిడ ముందుగా సంతకం చేయాలి.

ఆ పత్రం రాసే పని నాకే అప్పగించారు. నమూనా కోసం ఎక్కడా తిరగలేదు. మా ఇంట్లోనే ఒకటుంది. ఇంట్లో వాటా వదులుకుంటున్నట్టు మా అక్క చేత రాయించింది. సంతకం పెట్టేటప్పుడు ఆమె కాగితం చదవలేదు. నా ముఖం వైపే చూసింది. పేర్లు మార్చి, మిగతాదంతా ఉన్నదున్నట్టు కుదురైన దస్తూరితో దించాను.

నకలు కావలసిన పాఠకులు నాకు ఉత్తరం రాయనక్కర్లేదు. మీ బీరువాలో చూసుకోండి. పై అరలో, ఇంటి కాగితాల కింద ఉంటుంది.