ఫేజ్ టూకి అరకిలో కుంకుమ

అడవికి పట్టిన అసలు తెగులు చెట్లు!

నమ్మరా? అయితే ఒకసారి అడవి చూడ్డానికి వెళ్ళండి. ఏదీ సరిగ్గా కనిపించదు, అన్నిటికీ చెట్లే అడ్డం. కారు పెడదామంటే చెట్టు. సెల్ఫీ తీసుకుందామంటే మొహం మీద కొమ్మ నీడ. పైగా రోజంతా ఆకులు రాల్చడం! మన ఇంటి ముందు ఎవరైనా అలా చెత్త వేస్తే ఊరుకుంటామా?

ఈ సంగతి జగ్గయ్యపేటలో అందరికన్నా ముందు గ్రహించినవారు రామకోటేశ్వరరావు గారు. మెయిన్ రోడ్డులో సిమెంటు, పెయింట్ల హోల్‌సేల్ కొట్టు ఆయనది. చిల్లకల్లు దాటాక గట్టు పక్కన మిగిలిన చిన్న పాత అడవికి పార్కు అభివృద్ధి కమిటీ వేస్తే ప్రెసిడెంటు కూడా ఆయనే. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా తాతల తాతలనాటి నుంచీ పెరిగిన మద్దిచెట్లు, తునికిచెట్లు, ఉసిరిచెట్లు అవి. పాపం, ఒక్క టైలు కూడా లేకుండా అన్నేళ్ళు ఎలా బతికిందో ఆ అడవి!

ఆయన జాలిపడ్డారు. ఫేజ్ వన్‌లోనే సగానికి పైగా బాగుచేసేశారు. కొట్టేసిన చెట్ల చోట అచ్చం చెట్టు మొద్దుల్లాంటి సిమెంటు బెంచీలు వేయించారు. చుట్టూ గోడ కట్టించి దాని మీద చెట్ల బొమ్మలు వేయించారు. ఆకు రాలదు, పురుగు పట్టదు! పిట్టలు ఎందుకో అలిగి వెళ్ళిపోతే స్పీకర్లు పెట్టించి వాటి కూతలు వేయించారు. అసలు పిట్టలు మిట్టమధ్యాహ్నం నోరు మూసుకుంటాయి, స్పీకరు అప్పుడు కూడా కూస్తుంది. ఏది మెరుగో మీరే చెప్పండి! గేటు దగ్గర మనిషెత్తు అక్షరాలతో 'ఐ లవ్ ఫారెస్ట్' అని పెట్టించారు. ఆ అక్షరాలకు చోటు చాలక ఒక పెద్ద మద్దిచెట్టును కొట్టించారంటే ఆయన ప్రేమ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఇక మిగిలింది మూలనున్న ముక్క. అందులోనే నాగేంద్రమ్మ ఉసిరిచెట్టు ఉంది. నాగేంద్రమ్మ ఆయన భార్య. కాపరానికి వచ్చిన ఏడాది నుంచీ కార్తీక వనభోజనాలకు ఆ చెట్టు కిందే విస్తరి వేసుకుంటుంది. ఫేజ్ టూలో అక్కడ ఫుడ్‌కోర్టు వస్తుంది. ఆ మాట ఆయన ఇంట్లో అనలేదు. మంచిపనులు గుట్టుగా చేయడం ఆయన పద్ధతి.

కొట్టేయవలసిన చెట్లకు ఎర్రగా గుండ్రటి గుర్తులు వేయమని కాంట్రాక్టరు బుల్లిబాబుకు పురమాయించారు. పెయింటు కొట్లో ఎలాగూ ఉంది. వనభోజనాల రోజునే, వర్తక సంఘం కుటుంబాలన్నీ చూస్తుండగా శంకుస్థాపన. ఆయన పేరు చెక్కిన నల్లరాయి ముందే వచ్చి గుడ్డ కప్పుకుని కూర్చుంది. ఆ రాయి కోసం ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. నిజమే కదా మరి, ఊళ్ళో సగం మేడల్లో ఆయన సిమెంటు ఉంది గానీ ఒక్క గోడ మీదా ఆయన పేరు లేదు.

వనభోజనాల ఆదివారం పొద్దున్న కారెక్కుతూ భార్య చేతిలో పొట్లం చూశారు.

"అరకిలో కుంకుమా! ఏం చేసుకుంటావే?"

"ఆడవాళ్ళం చాలామందిమి వస్తున్నాం కదండీ. సరిపోవద్దూ?"

పార్కులో మొదట్లో అంతా బాగానే జరిగింది. అందరూ టైల్స్ మెచ్చుకున్నారు, సిమెంటు జింక పక్కన ఫోటోలు దిగారు. షామియానా కింద ప్రెసిడెంటు గారు ప్రత్యేకంగా తెప్పించిన ప్లాస్టిక్ ఉసిరిచెట్టు ఉంది. దాని కాయలు లైట్లై వెలుగుతాయి. ఇంతలో ఎండెక్కింది. టైల్స్ పెనంలా కాలాయి. పిల్లలు ఎగిరి ఎగిరి నడిచారు. సిమెంటు మొద్దు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు కూర్చున్నంత వేగంగా లేచారు. ఒక్కొక్కరూ విస్తళ్ళూ చాపలూ పట్టుకుని అభివృద్ధి చెందని మూలకు జారుకున్నారు. చూస్తుండగానే షామియానా కింద ప్రెసిడెంటు గారు, జింక మిగిలారు.

ఆయన కోపంగా అటు నడిచారు. చెట్ల కిందికి అడుగుపెట్టగానే ఒళ్ళంతా చల్లబడింది, ప్రాణం లేచొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆయనకు హాయిగా అనిపించింది. వెంటనే మంచి ఆలోచన కూడా వచ్చింది: ఇంత చల్లగా ఉంది, ఫుడ్‌కోర్టుకి ఇంతకన్నా మంచి చోటు దొరకదు!

అప్పుడు చూశారు. ఎర్రగుర్తు వేసిన ప్రతి చెట్టుకీ పసుపు పూసి ఉంది. గుర్తు మీద కుంకుమ మెరుస్తోంది. చెట్ల మొదళ్ళ దగ్గర ఉసిరికాయ దీపాలు వెలుగుతున్నాయి. ఆడవాళ్ళు చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నారు. వాళ్ళ వెనకాల చెప్పులు చేత్తో పట్టుకుని బుల్లిబాబు.

"ఏంటయ్యా ఇది?"

"చెట్లకి బొట్లు వాటంతటవే వెలిశాయనుకుంటున్నారండి. అమ్మగారు ముందుగా దణ్ణం పెట్టారు, ఆళ్ళెనకాల అందరూ పెట్టేశారు."

"అది పెయింటు కదయ్యా!"

"ఆ మాట మీరే మైకులో చెప్పండి. మా కూలోళ్ళయితే బొట్టున్న చెట్టు మీద గొడ్డలెయ్యమని అప్పుడే చేతులెత్తేశారండి."

మైకు చేతికొచ్చింది. పెయింటని చెబితే, ఎవరు వేశారంటారు. ఎందుకు వేశారంటారు. చెప్పకపోతే నల్లరాయి గుడ్డ కిందే ఉండిపోతుంది. ఉసిరిచెట్టు దగ్గర నాగేంద్రమ్మ చేతులు జోడించి నిలబడి ఉంది. చెట్టు వంక కాదు, ఆయన వంకే చూస్తోంది.

ఆయన మైకు నోటి దగ్గర పెట్టుకున్నారు. "మన పార్కులో అమ్మవారు వెలిశారు! అందుచేత కమిటీ తరఫున ఫేజ్ టూ ఆపేస్తున్నాం!"

చప్పట్లు మారుమోగాయి. జన్మలో ఎప్పుడూ ఆయనకు అన్ని చప్పట్లు పడలేదు. నల్లరాయిని వంటవాళ్ళు బోర్లించి దాని మీద పచ్చడి గిన్నెలు పెట్టుకున్నారు.

తిరుగు ప్రయాణంలో ఆయన మనసు మళ్ళీ పనిలో పడింది.

"నాగేంద్రం, అమ్మవారికి చిన్న మండపం కడితే ఎలా ఉంటుందంటావ్? కిందంతా గచ్చు చేయించి, గ్రిల్లు పెట్టించి, ముందొక రాయి..."

"ఆ ఎరుపు మన కొట్లోదేనండీ. బుల్లిబాబు డబ్బా కోసం వచ్చినప్పుడు కౌంటర్లో నేనే ఉన్నా. ఎందుకయ్యా అంటే చెప్పాడు."

ఆయనకు సిగ్గేసింది. సిగ్గుపడిన మొగుడు ఏం చేస్తాడో అదే చేశారు, ఎదురు గదమాయించారు.

"మరి నాతో ఒక్క మాట అనలేదేం?"

"మీరు నాతో అన్నారా?"

ఆయన గేరు మార్చి వేగం పెంచారు.

"చిల్లకల్లు సెంటర్లో ఆపండి, ఇంకో కిలో కుంకుమ తీసుకోవాలి."

"ఇంకా ఎందుకే!"

"గట్టు అవతలి చెట్లు కూడా చూసి రమ్మని నిన్న బుల్లిబాబుని పంపారటగా."

చెట్లను కాపాడ్డానికి మనకు బోలెడు చట్టాలున్నాయని పేపర్లో అప్పుడప్పుడూ రాస్తుంటారు. ఫేజ్ వన్ చెట్లు ఒక్కొక్కటే పడుతున్నప్పుడు ఆ చట్టాల్లో ఒక్కటీ అటువైపు రాలేదు. కుంకుమ మాత్రం చిల్లకల్లులో మొదటి కొట్లోనే దొరికింది.