కొత్తదైపోయిన పాత కాన్సర్టీనా

గురువారం పొద్దున ఫింటన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు సాసేజీలు వేయించుకు తినడం, షానన్ విమానాశ్రయం దగ్గరి కస్టమ్స్ ఆఫీసుకు వెళ్లి పార్సిల్ తెచ్చుకోవడం, మధ్యాహ్నానికల్లా గడ్డి కోతకు దిగడం. బయట వాన లేదు. వాన లేని పూటను ఆఫీసుల చుట్టూ తిరిగి పాడు చేసుకునే మూర్ఖుడు మా క్లేర్ కౌంటీలో ఎవడూ ఉండడు.

పార్సిల్లో ఉన్నది అతని భార్య డింప్నా కాన్సర్టీనా. రెండు చేతుల మధ్య ఇమిడే తిత్తి, అటూ ఇటూ పలకలు, పలకల నిండా మీటలు. చనిపోయిన వాళ్లమ్మ వాయించిన పెట్టె. సముద్రం అవతల ఇంగ్లండులో రిపేరు చేయించుకుని తిరిగొచ్చింది. శనివారం డింప్నా తమ్ముడు మాలకీ పెళ్లి. యాభై ఎనిమిదేళ్లు తాత్సారం చేసి ఎట్టకేలకు ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద. అమ్మ పెట్టె మోగితేనే చర్చి మెట్టెక్కుతానన్నాడు. పెళ్లికూతురు పదకొండేళ్లుగా ఎదురు చూస్తోంది. మాలకీకి ఇంకో వంక దొరికితే ఏమవుతుందో ఊరంతటికీ తెలుసు.

రెండో సాసేజీ నోట్లో ఉండగానే కస్టమ్స్ నుంచి ఉత్తరం వచ్చింది. పద్నాలుగు వందల యూరోల పన్ను కట్టి సరుకు విడిపించుకోవాలట.

"మన పెట్టెకు మనమే పన్ను కట్టాలా? దొంగ వెధవలు!" ఫింటన్ ఒంటికాలి మీద లేచాడు.

"అరవకు. పంపేటప్పుడు ఫారంలో ఏం రాశావు?"

"రాయాల్సిందే రాశాను."

"ఏం రాశావని అడుగుతున్నా."

"పాత సామాను. ఇరవై యూరోలు."

డింప్నా టీ కప్పును బల్ల మీద పెట్టిన తీరు చూసి కుక్క లేచి బయటికి పోయింది.

"మా అమ్మ పెట్టె ఇరవై యూరోల పాత సామానా?"

"మరి గొప్పలు రాసుకోమంటావా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

మావాళ్ల తెగులే అది. ఒంటి మీది కోటు బాగుందని ఎవరైనా అంటే చాలు, ఏదో పాతదిలెండి అని తల దించుకుంటాం. ఫింటన్ ఆ సిగ్గును సర్కారు కాగితం దాకా మోసుకెళ్లాడు. పైగా 'రిపేరుకు వెళ్లి తిరిగి వచ్చును' అన్న గడిలో టిక్కు పెట్టలేదు. తన అన్న ముప్పై ఏళ్లు ఇటుకలు పేర్చిన ఇంగ్లండు పరాయి దేశమెలా అవుతుందని అతని వాదన. అవతలి రిపేరు మనిషి మాత్రం నిజాయితీపరుడు. తిరిగి పంపేటప్పుడు విలువ ఆరు వేలని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

కస్టమ్స్ ఆఫీసులో డెక్లన్ హెహిర్ అనే కుర్ర అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇక్కణ్నుంచి వెళ్లింది ఇరవై యూరోల పాత సామాను. వచ్చింది ఆరు వేల వాద్యం. రెండూ ఒకటేనని నేనెలా నమ్మేది? రుజువు చూపిస్తే రిపేరు కూలి మీదే పన్ను వేస్తా."

"నేను చెబుతున్నాగా! మనిషి మాటకు విలువ లేదా?"

"మీ మాట ఇరవై యూరోలంటోందండీ."

ఫింటన్ పళ్లు పటపటమన్నాయి. డింప్నా అతన్ని పక్కకు నెట్టింది. "ఎడమ పలక మీద మా అమ్మ మేకుతో పేరు గీసుకుంది బాబూ, చూడు."

డెక్లన్ పెట్టె విప్పాడు. ఎడమ పలక అద్దంలా మెరుస్తోంది. గీత కాదు కదా, నలక కూడా లేదు. డింప్నా అక్కడే ఇంగ్లండుకు ఫోన్ కలిపింది.

"ఆ పలకా మేడమ్? బీటలు వారింది. ఎవరో పిచ్చిగీతలు కూడా గీశారు. కొత్తది వేశాను. డబ్బులేం వద్దు."

"పాతది?"

"పొయ్యిలో వేశాను."

డింప్నా ఫోన్ పెట్టేసింది. ఆమె మొహం చూసి ఫింటన్‌కే భయమేసింది. "మూడో మీట!" అన్నాడు ఆదుర్దాగా. "ఎడమ చేతి మూడో మీట పందిపిల్లలా కీచుమంటుంది. ఈ లోకంలో ఇంకే పెట్టే అలా అరవదు. వాయించు!"

డింప్నా వాయించింది. మూడో మీట తేనెలా పలికింది. పక్క గది వాళ్లు తలుపు తీసి చప్పట్లు కొట్టారు.

"చాలా బాగుందమ్మా. కొత్తదే," అన్నాడు డెక్లన్.

"కొత్తదా? నీ మొహం! నీ కాగితాలు తగలెయ్య!" ఫింటన్ అరికాలి మంట నెత్తికెక్కింది. పెట్టె పాతదేనని చూపిస్తానంటూ దాన్ని డింప్నా చేతుల్లోంచి లాగాడు. ఆమె వదల్లేదు. తిత్తి సాగింది, ఇంకా సాగింది, జారి ధడేల్మని నేలను కొట్టుకుంది.

డింప్నా వంగి పెట్టెను ఒళ్లోకి తీసుకుంది. "చంపేశావు. మా తమ్ముడి పెళ్లినీ చంపేశావు. నిన్నూ ఇక్కడే చంపేస్తా," అంటూ మూడో మీట నొక్కింది.

కీ...చ్!

డెక్లన్ కుర్చీలోంచి లేచాడు. "ఆగండి. మళ్లీ నొక్కండి."

కీ...చ్!

"మీరు ఏ ఇంటివాళ్లు? మిల్‌టౌన్‌లో మా నాయనమ్మ వంటింట్లో డ్యాన్సులు జరిగితే నేను బల్ల కింద పడుకునేవాణ్ని. ఈ కీచుకే రాత్రికి పదిసార్లు ఉలిక్కిపడి లేచేవాణ్ని. కాథ్లీన్ పెద్దమ్మ పెట్టె కదూ ఇది?"

"మా అమ్మే," అంది డింప్నా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపం మాత్రం అలాగే ఉంది.

డెక్లన్ ఇంకేం అడగలేదు. పద్నాలుగు వందలు కొట్టేసి ముద్ర వేశాడు. ఇంటికి చేరేసరికి వాన మొదలైంది, గడ్డి తడిసిపోయింది.

శనివారం చర్చి బయట ఆమె అమ్మ పాట ఎత్తుకుంది. కీచు వినగానే మాలకీ చిన్నపిల్లాడిలా ఏడ్చి, గబగబా మెట్లెక్కేశాడు. ఆ కీచు లేకపోయుంటే అమ్మ పెట్టె కాదని ఇంటికి పోయేవాణ్నని తర్వాత విందులో ఒప్పుకున్నాడు. పెళ్లికూతురు ఫింటన్‌ను కావలించుకుని, పెట్టెను కింద పడేసినందుకు అందరి ముందూ ముద్దు పెట్టింది.

రిపేరు కూలి మీద పన్ను మాత్రం ఫింటన్ పూర్తిగా కట్టాడు. ఆ రిపేరు ఇప్పుడెక్కడుందని ఏ అధికారీ అడగలేదు.