కొండమేకలు నీళ్లకు దిగే వేళ

ఆ పొద్దున దోర్జ్‌పలం వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. ముందు యోల్ లోయలో మంచు చూడాలి. మధ్యాహ్నం కారు వెనక తలుపు ఎత్తి ఆ నీడలో భోంచేయాలి. సాయంత్రం కొండమేకలు నీళ్లకు దిగే వేళకి ఊట దగ్గరికి చేరాలి. మర్నాడు ఉలాన్‌బాతర్‌కి తిరుగు ప్రయాణం.

అసలు ఈ యాత్ర ఆ కొండమేకల కోసమే. అతని తల్లి త్సెర్మా కళ్లకు పొర కమ్ముతోంది. "పూర్తిగా మసకబారకముందే ఒక్క కొండమేకను చూపించరా" అని ఆవిడ అడిగింది. ఖుస్తాయ్ వనంలో అడవి గుర్రాలను చూసి "బాగున్నాయి" అంది. గోబీలో రాబందును చూసి "పెద్దదే" అంది. కొండమేక మాత్రం ఇంతవరకూ కనబడలేదు.

మంచు చూశారు, భోజనమూ అయింది. ఊటకి దారి మాత్రం తెలియలేదు. దూరంగా తెల్లటి గెర్ గుడారం ఒకటి కనిపిస్తే, దోర్జ్‌పలం భార్య నరా కారు అటు తిప్పింది.

"దిగి అడిగేసి వస్తా" అన్నాడు కొడుకు తుల్గా.

"పరాయివాళ్ల గుమ్మంలో నిలబడి దారెటు అని అడిగేస్తావా? నగరంవాళ్లకి మర్యాద లేదనుకోరూ? ముందు టీ తాగాలి, మందల క్షేమం అడగాలి. ఆ తర్వాతే పని. నీ కొత్త దేల్ అంగీ తొడుక్కో. బొత్తాలన్నీ పెట్టుకో" అన్నాడు దోర్జ్‌పలం.

గెర్‌కి వచ్చినవాళ్లు పిలిచే పద్ధతిలో "కుక్కను పట్టుకోండి!" అని మర్యాదగా కేకేసి లోపలికి వెళ్లారు. ఇంటాయన గోంచిగ్ అందరినీ కూర్చోబెట్టాడు. ఆయన కూతురు ఉయాంగ ఉప్పు వేసిన పాల టీ పోసింది.

"పశువులు కండ పట్టాయా?"

"పట్టాయి. మీకు వేసవి బాగా గడుస్తోందా?"

"గడుస్తోంది."

నశ్యం బుడ్లు చేతులు మారాయి. గుడారం నడినెత్తి కంతలోంచి పడిన ఎండ మెల్లగా తూర్పు గోడ మీదికి పాకుతోంది. త్సెర్మా దాన్నే చూస్తోంది.

ఈ మర్యాద చాలదనిపించి దోర్జ్‌పలం మెడలోని బైనాక్యులర్‌ను పక్కకి నెట్టి సంచి తెరిచాడు. దారిలో మొక్కుకునే రాళ్ల గుట్టకు కడదామని తెచ్చిన నీలం పట్టు కండువా, ఖదగ్‌ను రెండు అరచేతుల మీద పరిచి, దానిమీద వోడ్కా సీసా పెట్టి అందించాడు.

ఉయాంగ చేతిలో గరిటె ఆగింది. గోంచిగ్ ముసలావిడను చూశాడు, తుల్గా దేల్ బొత్తాలను చూశాడు, చివరికి రెండు చేతులా ఖదగ్ అందుకున్నాడు. ఆయన భార్య దుల్మా కళ్లు ఒత్తుకుంటూ ఫోను పట్టుకుని వెనక గుట్ట ఎక్కింది. సిగ్నల్ అక్కడే దొరుకుతుంది.

"నువ్వు పుట్టింది ఏ సంవత్సరం బాబూ?" అని గోంచిగ్ తుల్గాని అడిగాడు.

"పులి సంవత్సరం అండీ."

"మా అమ్మాయిది గుర్రం. బ్రహ్మాండం! బావగారూ, ఇంకో గిన్నె పుచ్చుకోండి."

"చూశావా, అప్పుడే బావగారూ అంటున్నాడు. ఎంత ఆప్యాయత!" అని దోర్జ్‌పలం భార్య చెవిలో మురిసిపోయాడు.

బయట గొర్రెను కోశారు. మోటారుసైకిళ్ల మీద ఇరుగుపొరుగు దిగారు. తుల్గా బయటికి వస్తే ఉయాంగ నీళ్ల డబ్బాతో ఎదురుపడింది.

"మీరేం చేశారో తెలుసా? కొత్త దేల్ తొడుక్కుని, నానమ్మను వెంటబెట్టుకుని, వచ్చిన పనేమిటో చెప్పకుండా ఖదగ్ ఇచ్చారు. పిల్లనడిగేది ఇలాగే. మా నాన్న తీసుకున్నాడు కూడా!"

"మేమొచ్చింది కొండమేకల దారి అడగడానికండీ!"

"ఆ ముక్క వచ్చీరాగానే అడగొచ్చుగా!"

సంగతి చెవిన పడగానే దోర్జ్‌పలానికి టీ కొరబోయింది. ఇచ్చిన ఖదగ్ వెనక్కి అడగడమంటే ఇంటాయన మొహాన కొట్టినట్టే.

"మర్యాద తెలిసినవారు కదా, మీరే ఏదో ఒకటి చెప్పండి" అంది నరా.

అతను లేచి "అన్నగారూ..." అన్నప్పుడల్లా ఎవరో కొత్త చుట్టం లోపలికి వచ్చి అతన్ని కావలించుకునేవాడు. ఎండ గోడ అంచుకు చేరింది.

ఇంతలో దుమ్ము రేపుకుంటూ ఒక మోటారుసైకిలు వచ్చి ఆగింది. యోల్ లోయ కాపలాదారు గన్‌సుఖ్ ద్వారబంధం పైపట్టెకు తల తగిలించుకుని లోపలికి దూరాడు. చేతిలో నలిగిపోయిన ఖదగ్ ఉంది.

"మామయ్యా, వాళ్లది తిరిగిచ్చేయండి! ఎన్నాళ్లుగానో నేను... నేను..."

"ఊఁ. నువ్వు?"

"ఉయాంగను అడుగుదామనే వస్తున్నాను."

"వచ్చిన ప్రతిసారీ కొండమేకల కబుర్లు చెప్పిపోయావు కదరా!"

అందరూ నవ్వారు. గోంచిగ్ దోర్జ్‌పలం ఖదగ్‌ను అంతే గౌరవంగా రెండు చేతులా తిరిగిచ్చాడు.

"ఏమీ అనుకోకండి. మీ పని వేరని నాకప్పుడే తెలుసు. పెళ్లి అడగడానికొచ్చే ఏ పెద్దమనిషీ మెడలో బైనాక్యులర్ వేసుకురాడు. వీడి నోరు తెరిపించడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదని ఊరుకున్నాను. దుల్మా గుట్టెక్కి మొదట ఫోను చేసింది వీడికే."

త్సెర్మా లేచి నిలబడింది. "మీ పెళ్లి సంబరం బాగానే ఉంది. నాకు పొద్దు గూకిపోతోంది. కొండమేకలెక్కడ?"

గన్‌సుఖ్ ఆవిడ చేయి పట్టుకుని నడిపించాడు. చుట్టాలంతా వెనకే వచ్చారు. ఊటకి ఎదురుగా చివరి ఎండ ఒక్క రాతి మీదే మిగిలి ఉంది. ఆ రాతి మీద కొడవళ్లలాంటి కొమ్ములతో కొండమేక నిలబడి ఉంది. బైనాక్యులర్‌లో అది దొరకగానే త్సెర్మా వేళ్లు కొడుకు భుజాన్ని గట్టిగా పట్టుకున్నాయి. ఎంతసేపైనా ఆవిడ కళ్లు తిప్పుకోలేదు. ఎంతసేపైనా కొండమేకా కదలలేదు.

"నీళ్లు ఎదురుగానే ఉన్నాయిగా, దిగదేం?" అని ఆవిడ గుసగుసగా అడిగింది.

"అది అంతే నానమ్మా. భయం లేదని తెలిసినా చాలాసేపు నిలబడి ఆలోచిస్తుంది" అన్నాడు గన్‌సుఖ్.

"మగదా?"

అతను నోరు తెరిచేలోపు ఉయాంగే చెప్పింది, "మగదే."