నల్లకుక్కపిల్లకు మేషరాశి ఇల్లు

శనిదోషాన్ని మించిన జంతు సంక్షేమ పథకం ఈ దేశంలో ఇంతవరకు రాలేదు. ఇక మీదట రాబోదు కూడా!

నవ్వకండి. ఇది ముప్పై ఎనిమిదేళ్లు భౌతికశాస్త్రం బోధించి రిటైరైన రాజమల్లయ్య సారు స్వయంగా ప్రయోగం చేసి తేల్చిన ఫలితం. గ్రహణం నాడు బడి ఆవరణలో పిల్లలందరికీ మిర్చి బజ్జీలు పంచి, తానూ రెండు ఎక్కువే తిన్న మనిషి ఆయన. అటువంటి వారు అబద్ధం చెబుతారా?

ప్రయోగానికి కావలసిన వస్తువు ఒక్కటే: నాలుగు నెలల ఆడకుక్కపిల్ల. సిద్దిపేట బస్టాండు దగ్గర ఏదో బండి చక్రం తగిలి, ముందరి కాలు విరిగి, కుయ్యోమంటూ సారు కంటబడింది. ఆయన దాన్ని కూరగాయల సంచిలో పెట్టుకుని పశువుల దవాఖానకు తీసుకెళ్లారు. కట్టు కట్టించారు, టీకాలు వేయించారు, లిట్మస్ అని పేరు పెట్టారు. నెల తిరిగేసరికి, కాస్త కుంటు మిగిలినా, కాలు అతుక్కుంది. అదే నెలలో ఆయన భార్య వనజమ్మకు పాత ఆయాసం తిరగబెట్టింది. కుక్క వెంట్రుక ఇంట్లో ఉండకూడదని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు.

"నేను దాన్ని ఎల్లగొట్టుమంటలేను," అన్నది వనజమ్మ, మందు పీల్చే గొట్టం నోట్లోంచి తీసి. "ఆదివారం దాక ఎట్లనన్న ఓర్సుకుంట. గంతల ఒక మంచి ఇల్లు సూడుండ్రి దానికి."

దొరక్కపోతే? మళ్లీ ఆ బస్టాండే. మళ్లీ ఆ చక్రాలే.

శాస్త్రం చదివిన మనిషి కనుక సారు మొదట నిజాన్ని ప్రయోగించి చూశారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెట్టారు: 'ఐదు నెలల ఆడకుక్కపిల్ల. విరిగిన కాలికి చికిత్స చేయించితిమి. ఆరోగ్యంగా ఉంది. టీకాలు పూర్తయినవి. మంచి ఇల్లు కావలెను.' పది నిమిషాల్లో యాభై మూడు నమస్కారాలు, ఇరవై ఆరు ఎర్ర గుండెలు! ఒకాయన 'ఓం శాంతి' అన్నారు. ఎవరో పోయారనుకున్నారు కాబోలు. కరుణ కాలనీ అంతా పొంగి పొర్లింది. ఆ పొంగులో కుక్కపిల్ల కాలు పెట్టేందుకు మాత్రం జాగ దొరకలేదు.

ఫోన్ ఒక్కటే వచ్చింది. ప్లాట్లు అమ్మే శైలేందర్.

"సార్, లాబ్రడారా?"

"కాదు."

"జర్మన్ షెపర్డా?"

"కాదు నాయనా, సిద్దిపేట బస్టాండు."

"గట్లనా! పైంగ ఆడిది అంటున్నరు... సూస్త సార్."

'సూస్త' అన్నవాడు మళ్లీ కంటికి కనిపించడన్నది సారు అనుభవంలో వందసార్లు రుజువైన సూత్రం. నూటొకటోసారీ రుజువైంది.

అప్పుడు వనజమ్మ ఒక సవరణ సూచించింది.

"నల్లదని రాయలేదేంది మీరు?"

"రంగుతోని పనేమున్నది?"

"రాసి సూడుండ్రి."

రాశారు. ఒక్కటంటే ఒక్క మాట! సాయంత్రానికి పదకొండు ఫోన్లు!

పాఠకులారా, శనీశ్వరుని మహిమ ఇక్కడ మొదలవుతుంది. శనివారం నాడు నల్లకుక్కకు నూనె రాసిన రొట్టె పెడితే దోషం తగ్గుతుందని ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఏదో ఒక వీడియో చెబుతున్నది. ఆ ఉదయం మన వీధుల్లో నల్లకుక్క వైభోగం గమనించారా? మొదటి రొట్టె తింటుంది. రెండోది వాసన చూస్తుంది. మూడోది తెచ్చిన భక్తుణ్ణి, దరఖాస్తు తెచ్చినవాణ్ణి ఆఫీసరు చూసినట్టు చూసి ముఖం తిప్పుకుంటుంది. పక్కనే గోధుమరంగు కుక్క డొక్కలెగరేసుకుంటూ నిలబడి ఉంటుంది. రంగు చూసుకోకుండా పుట్టడం దాని తప్పు కాదా? నల్లకుక్క దొరకని వీధిలో ఒకాయన తెల్లకుక్కనే గోడ నీడలోకి లాగి రొట్టె పెట్టాడట. నీడలో ఏ కుక్కయినా కొంత నలుపే కదా!

మొదటి ఫోన్ హార్డ్‌వేర్ షాపు దేవరాజుది.

"మాకు పంపుండ్రి సార్. శనివారం శనివారం."

"మిగతా రోజులు?"

"మిగతా రోజులు మాకేం దోషం లేదు సార్!"

పదకొండు మందీ అదే మాట. అందరికీ శనివారమే కావాలి. వారానికొకసారి కడుపు పగిలేలా తిని, ఆరు రోజులు కదలకుండా అరిగించుకునే ప్రాణి లోకంలో లేకపోలేదు. దాన్ని కొండచిలువ అంటారు.

సారు నిరాశ చెందలేదు. ముప్పై ఎనిమిదేళ్లు టైంటేబుళ్లు వేసిన చెయ్యి! ఒక కాగితం తీసి, గ్రహానికో రోజు పంచి, కుజుడి పేరిట మంగళవారం తీసుకొమ్మని దేవరాజును బతిమాలారు.

"మంగళవారం కందులు దానమియ్యాలె సార్, కుక్కకు కాదు," అన్నాడు దేవరాజు జాలిగా. "ఏమనుకోకుండ్రి, గివి మీకు తెల్వయి."

నిజమే. తెలియవు. తెలియని సబ్జెక్టును చదివి తీరాలని పిల్లలకు చెప్పిన నోరు కనుక, సారు జీవితంలో మొదటిసారి ఒక పంచాంగం కొన్నారు. తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని వార్తాపత్రికలో చుట్టి ఇంటికి తెచ్చారు. చదివారు. చదివిన కొద్దీ కళ్లు విచ్చుకున్నాయి.

ఏలినాటి శని! అక్షరాలా ఏడున్నరేళ్లు!

మీరే చెప్పండి, ఇంతటి భరోసా ఇంకెవరిస్తారు? మిక్సీకి రెండేళ్లు. ఫ్రిజ్‌కు పదేళ్లంటారు గాని అది కంప్రెసర్‌కే. గుండె బొమ్మ పంపిన జంతుప్రేమికుడి ప్రేమకు ఏడున్నర నిమిషాలు. శనీశ్వరుడు ఒక్కడే, పట్టాడంటే మధ్యలో వదలడు. మేషరాశి వాళ్లకు ఈ మధ్యనే మొదలైందని పంచాంగం అంటున్నది. కొత్తది, గట్టిది, ఇంకా చాలాకాలం వచ్చేది!

వెంటనే కొత్త ప్రకటన వెలువడింది: 'మేషరాశి వారికి ప్రాధాన్యం. ఏలినాటి శని ఉన్నవారు ఒకే నల్లకుక్కకు ప్రతిరోజు, రెండు పూటలా, ఇంట్లోనే పెట్టవలెను.' ఈ నియమం ఏ గ్రంథంలో ఉందని అడుగుతారా? ఫోన్లలో చెప్పేవాళ్లను ఎప్పుడైనా అడిగారా?

కాలనీ గ్రూపు నివ్వెరపోయింది. "సార్, మీ ఫోన్ హ్యాకయ్యిందా?" అని ముగ్గురు అడిగారు. సారే స్థాపించిన సైన్సు ప్రచార సంఘం గ్రూపులోంచి ఆయన్నే కార్యదర్శి తొలగించాడు. ఇక ఫోన్లు చేసిన పదకొండు మందీ 'ప్రతిరోజు' అన్న మాట దగ్గర ఆగిపోయారు. వారిలో నిన్నటిదాకా మేషరాశి అయిన దేవరాజు, పూట తిరిగేలోగా వృషభరాశిలోకి వెళ్లిపోయాడు. గ్రహాలకు కూడా అంత వేగం లేదు!

శనివారం వచ్చింది. వనజమ్మకు మాట మధ్యలో ఊపిరి అందడం లేదు. అయినా ఆమె కుక్కపిల్ల ఊసెత్తలేదు. అదే సారుకు మరింత కష్టంగా ఉంది.

ఆ ఉదయం కూరగాయల బుచ్చవ్వ ఎప్పటిలా గేటు ముందు గంప దించింది. లిట్మస్ ఎప్పటిలా తన బిస్కెట్టు వదిలేసి, కుంటుకుంటూ వెళ్లి, ఆమె చీర కుచ్చిళ్ల మీద పడుకుంది.

"దీని గురించి ఏందో రాసినవట సారూ? అందరు నవ్వుకుంటున్నరు."

సారు చదివి వినిపించారు. బుచ్చవ్వ వంకాయలు తూచడం ఆపింది.

"నాదీ మేషమే సారూ," అన్నది.

ఆదివారం పొద్దున్నే ఆమె కొడుకు హరీశ్ ఆటో వేసుకుని తల్లితో సహా వచ్చాడు. పదో తరగతిలో సారు దగ్గర చదివినవాడే. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నిన్నటిసంది అవ్వ ఒకటే లొల్లి సారూ. శని పట్టిందట, కుక్కను తేవాలెనట. వేరేటోళ్లు చెప్తే నేను నమ్మకపోదును. మీరు ఎన్నడు గిసుంటియి చెప్పరు గద. మీరు ఉన్నదంటే ఉన్నట్టే. చెప్పుండ్రి, నిజంగ ఉన్నదా?"

సారు ఒక్క నిమిషం ఆగమని, బుచ్చవ్వను వరండా చివరికి పిలిచారు.

"నిజం చెప్పు బుచ్చవ్వా. నువ్వు ఎప్పుడు పుట్టినవ్?"

"ఎవలకెర్క సారూ! మా అవ్వ నాట్లేసుకుంట వేసుకుంట పొలం గట్టు మీద కన్నదట."

"మరి మేషరాశి అని ఎట్ల తెలిసింది?"

"నిన్న నువ్వే సదివితివి గద! అండ్ల ఇంకో రాశి పేరు లేకపాయె."

"గింత అబద్ధం ఎందుకే?"

బుచ్చవ్వ గొంతు తగ్గించింది. "నాకు గీ నల్లపిల్ల మీద పాణం కొట్టుకుంటున్నది సారూ. ఇష్టమైందంటే మావోడు ఊకుంటడా? ముసల్దానికి కుక్క ముద్దొస్తున్నదని ఇంటిల్లిపాది నవ్వుతరు. శని అన్ననుకో, ఎవ్వలు నోరు తెరువరు."

పాఠకులారా, మన ఊళ్లో దోషం పోవడానికి కుక్కను తెచ్చుకుంటే భక్తి. కాపలాకు తెచ్చుకుంటే తెలివి. లాబ్రడార్‌ను తెచ్చుకుంటే హోదా. ఊరికే, ముద్దొచ్చి, తెచ్చుకుంటే? పిచ్చి! పన్నెండు ఫోన్లలో ఒక్కరూ 'కాలు నయమైందా?' అని అడగలేదు. అడిగే మనసున్న ఒక్క మనిషి, ఆ మనసును బయటపెట్టలేక, కనిపించని గ్రహాన్ని అడ్డం పెట్టుకుని వచ్చింది.

రాజమల్లయ్య సారు వెనక్కి వచ్చారు. లోపలి గదిలో వనజమ్మ దగ్గు వినిపిస్తున్నది. ముప్పై ఎనిమిదేళ్లు ఒక్క అబద్ధం చెప్పకుండా కూడబెట్టుకున్న నమ్మకం ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఉన్నది హరీశూ," అన్నారు. "మామూలుగ లేదు. గట్టిగనే పట్టింది."

"ఎన్నేండ్లుంటది సారూ?"

"ఏడున్నర."

హరీశ్ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి, కుక్కపిల్ల వంక చూశాడు. "అటెన్క ఇడిసిపెట్టొచ్చా?"

సారు కనురెప్ప వేయలేదు.

"అటెన్క నీది మొదలైతది."

హరీశ్ ఆటోలోకి వంగి, వెనక సీటు మీద ఉన్న కూరగాయల గంపను ఒక పక్కకు జరిపాడు.