మాస్టారి కుడికాలు

ఆ రోజు పని చాలా సులువుగా మొదలైంది. పది గంటలకు మాస్టారి భార్యకు డ్రైవింగు పరీక్ష. పదకొండుకల్లా పాసైనట్టు కాగితం చేతిలో పడాలి. పదకొండున్నరకు బేకరీలో గుడ్లు దింపాలి. రేపటినుంచి ఆ బేకరీ వ్యాను ఆవిడే నడపాలి. బేకరీ యజమానురాలు మాత్రం ఖరాఖండిగా చెప్పేసింది, ఇవాళ పాసు కాకపోతే ఆ ఉద్యోగం వేరొకరికి ఇచ్చేస్తానని. ఇందులో చిక్కంతా ఒక్కచోటే ఉంది. అది మాస్టారి కుడికాలు.

మాస్టారు ఇరవై రెండేళ్ళుగా డ్రైవింగు నేర్పుతున్నారు. నేర్పే కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే పక్కనున్న మాస్టారు దాన్ని తొక్కుతారు. "ప్రమాదం వచ్చినప్పుడు ఆలోచిస్తూ కూర్చుంటే పని జరగదు. నా బుర్రకి కబురందేలోపే నా కాలు పని ముగించేస్తుంది" అని కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా చెప్పి, కుడి మోకాలిని ప్రేమగా తట్టుకుంటారు.

ఆ కాలికి ఇంటికొచ్చాక కూడా సెలవు లేదు. పాలు పొంగితే మాస్టారు స్టవ్వు ఆపరు, నేలను దబ్బున తొక్కుతారు. భార్య చేతిలోంచి గ్లాసు జారితే మళ్ళీ తొక్కుడే. టీవీలో ఎవడైనా మెట్లమీంచి దొర్లినా అంతే. కింది వాటావాళ్ళు రెండుసార్లు పైకొచ్చి, "ఏమైనా దంచుకుంటున్నారా?" అని మర్యాదగా అడిగి వెళ్ళారు.

ఇవన్నీ ఆవిడ సర్దుకుపోయింది. సర్దుకుపోలేనిది పరీక్ష సంగతి. మామూలుగా పరీక్షలో అధికారి వెనక కూర్చుంటాడు, కారు ఇచ్చిన స్కూలు మనిషి ముందు కూర్చుంటాడు. రెండో బ్రేకు తొక్కారా, పరీక్ష పోయినట్టే. మొదటిసారి పావురం అడ్డొచ్చింది. ఆవిడ కాలు బ్రేకు మీదికి వెళుతూండగానే మాస్టారి కాలు వెళ్ళిపోయింది. రెండోసారి గాలికి ఎగిరొచ్చిన అట్టపెట్టె. పావురానికీ ఏమీ కాలేదు, పెట్టెకీ ఏమీ కాలేదు. ఆవిడ మాత్రం రెండుసార్లూ తప్పింది.

ఆ రోజు తెల్లవారకముందే లేచి కారంతా తుడిచి, డాష్‌బోర్డు అద్దంలా మెరిసేదాకా రుద్ది, మాస్టారు ముందు సీటు తలుపు తీయబోయారు. ఆవిడ ఆపింది.

"ఈసారి మీరు వెనక కూర్చుంటున్నారు. అధికారిగారితో ఫోన్లో మాట్లాడాను, ఆయన ముందు కూర్చుంటారు."

"అంటే, నన్ను నమ్మవన్నమాట."

"మిమ్మల్ని నమ్ముతానండీ. మీ కాలినే నమ్మను."

అంటూనే వెనక సీటు ముందు, ఆయన పాదాలుండాల్సిన చోట, మూడు గుడ్ల ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. మొత్తం తొంభై గుడ్లు.

"డిక్కీ ఖాళీగానే ఉంది కదా?" అన్నారు మాస్టారు.

"ఉంది. కానీ మీ కాలు డిక్కీలో ఉండదుగా. గుడ్లు ఎదురుగా ఉంటే అదే ఒద్దికగా ఉంటుంది."

మాస్టారు ట్రేలకు చెరోవైపు కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు.

నిన్నటి వానకు పరీక్ష మైదానమంతా ఎర్రటి బురదగా ఉంది. అధికారి ఆ బురదలోంచే నడిచొచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. చేతిలో అట్ట, అట్టకు కాగితం, చెవికి పెన్ను. "పదిహేడేళ్ళుగా ఇదే పని చేస్తున్నానమ్మా. నా కళ్ళముందు ఏం జరిగినా కంగారుపడను. ప్రమాదమొస్తే ఈ రెండో బ్రేకు నేను తొక్కుతాను, మీరు తప్పుతారు. ఇక పదండి" అన్నాడు.

మైదానం దాటి వీధుల్లోకి వచ్చినా ఆవిడ చక్కగానే నడిపింది. కుదురుగా కూర్చోలేకపోయింది మాస్టారే. ప్రతి మలుపులోనూ ఆయన నోట్లోంచి "స్స్..." అని ఒక శబ్దం వచ్చేది. మూడో మలుపులో అధికారి వెనక్కి తిరిగాడు.

"మాస్టారూ, సైగలు చేస్తున్నారా?"

"అయ్యో, లేదండీ. గాలి పీలుస్తున్నాను."

"మలుపు మలుపుకీ పీలుస్తారా? ఇంకోసారి వినిపిస్తే పరీక్ష రద్దు చేస్తాను."

మాస్టారు జేబురుమాలు తీసి నోట్లో కుక్కుకున్నారు. అద్దంలో ఆ ముఖం చూసి అధికారి ఉలిక్కిపడ్డాడు. "ఏమ్మా, ఆయనకు వాంతొస్తోందా?" అని అడిగి, జవాబు వినకుండానే కాగితం మీద 'వెనక కూర్చున్నవారికి ఇబ్బందిగా ఉంది' అని రాసేశాడు. కాదని చెప్పడానికి మాస్టారు తల అడ్డంగా గట్టిగా ఊపారు. "కిటికీ దించండమ్మా, పరిస్థితి చేయి దాటేలా ఉంది" అన్నాడు అధికారి.

అంతలో సందులోంచి సైకిలు ఒకటి దూసుకొచ్చింది. ఆవిడ నెమ్మదిగా ఆపింది. వెనకనుంచి మాత్రం పటుక్కుమంది.

"ఏంటా చప్పుడు? గేర్‌బాక్సా?"

"కాదండీ. బండి బాగానే ఉంది" అంటూ ఆవిడ అద్దంలోంచి భర్తను ఒక చూపు చూసింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆ చూపును మాస్టారు నాలుగైదుసార్లకు మించి చూడలేదు. అధికారి 'బండిలో శబ్దం' అని ఇంకో ముక్క రాసుకున్నాడు. సాక్సులోకి చల్లగా ఏదో దిగుతూంటే, తన మూలంగా ఆ ఉద్యోగం కూడా అలాగే జారిపోతోందని మాస్టారికి అనిపించింది. ఎలాగైనా ఇక కాలు కదపనని ఒట్టు పెట్టుకున్నారు.

ఆ ఒట్టు సరిగ్గా నిమిషన్నర నిలిచింది. తర్వాతి వీధి బాగా ఏటవాలు. ముందు ఇంటి సామాను వేసుకున్న వ్యాను ఒకటి పైకి ఎక్కుతోంది. ఉన్నట్టుండి దాని తాడు తెగి, వెనకున్న బీరువా జర్రున జారి రోడ్డు మీద నిలువునా దిగబడింది. బీరువా తలుపుకున్న నిలువుటద్దంలో తమ కారే తమకు ఎదురొస్తూ కనిపించింది.

మాస్టారి కుడికాలు లేచింది. ఇరవై రెండేళ్ళ అనుభవాన్నంతా కూడగట్టుకుని గుడ్ల నడిమధ్యన దిగింది. అధికారి కెవ్వుమన్నాడు. ఆవిడ మాత్రం చక్రం తిప్పలేదు, అరవలేదు. ఒక్క కన్ను వెనకద్దం మీద వేసి, బ్రేకు తొక్కింది. కారు బీరువాకు జానెడు దూరంలో ఆగింది. ప్రమాద సూచన లైట్లు టిక్కు టిక్కుమని వెలగసాగాయి. అవి కూడా ఆవిడే వేసింది.

కళ్ళు తెరిచిన అధికారికి మొదట కనిపించింది, సీటు కిందనుంచి మెల్లగా వస్తున్న పసుప్పచ్చటి ధార.

"ఆయిల్ కారుతోంది! దిగండి! అంటుకుంటుంది!" అంటూ దూకాడు.

ఆ కేక వినగానే ఎదురు దుకాణంలోని దర్జీ బకెట్టెడు నీళ్ళు తెచ్చి కారు ముక్కు మీద కుమ్మరించాడు. వ్యానులోని కూలీలిద్దరూ పరుగెత్తుకొచ్చి, మాస్టారిని రెక్కలు పట్టుకుని బయటికి లాగారు. ఆయన కుడికాలు మోకాలిదాకా పచ్చగా ఉంది. అందులోంచి తెల్లటి ముక్కలు పొడుచుకొచ్చి ఉన్నాయి.

"అమ్మో! ఎముక బయటికొచ్చేసింది!" అన్నాడొకడు.

"కదలకండి సార్, కట్టు కడతాను" అంటూ దర్జీ మెడలోని టేపు తీశాడు.

మాస్టారు జేబురుమాలు నోట్లోంచి లాగి, "అవి గుడ్లు!" అని అరిచారు.  తర్వాత ఆ వీధిలో నవ్వనివాడు అధికారి ఒక్కడే.

ఆయన చొక్కా సర్దుకుని, జనం వైపు తిరిగాడు. "సమయానికి నేను బ్రేకు తొక్కాను కాబట్టి సరిపోయింది."

"మీరు తొక్కడమేంటండీ? ఆపింది నా కాలు!" అన్నారు మాస్టారు, ఆలోచించకుండానే.

"మీ బ్రేకు ట్రేలో ఉందండీ" అంది భార్య నెమ్మదిగా.

అధికారి పెన్ను తీశాడు. "చూడండమ్మా, నిబంధన నిబంధనే. రెండో బ్రేకు వాడాల్సి వచ్చింది. మీరు తప్పినట్టే." ఆవిడ బేకరీ వైపు వెళ్ళే రోడ్డును ఒకసారి చూసి తల దించుకుంది. మాస్టారు మనసులో లెక్కపెట్టుకున్నారు. పావురం, అట్టపెట్టె, ఇప్పుడు బీరువా. మూడుసార్లూ ఎవరో ఒకరి కాలు.

ఆయన చూపు తెరిచున్న ముందు తలుపులోంచి లోపలికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"సార్, ఒకసారి ఇలా రండి. మీరు బ్రేకు ఏ కాలితో తొక్కారు?"

"కుడికాలితో. దేనితో తొక్కుతారు?"

"మరి ఇది?"

పొద్దున్నే మాస్టారు రుద్ది రుద్ది తుడిచిన డాష్‌బోర్డు మీద ఎర్రటి బురదతో రెండు బూటు ముద్రలు పడి ఉన్నాయి. ఎడమది, కుడిది. మడమలతో సహా. కింద రెండో బ్రేకు మాత్రం బురద మచ్చ అంటకుండా శుభ్రంగా ఉంది. దర్జీ ఉత్సాహంగా టేపు పట్టుకుని ముద్ర కొలిచాడు, తర్వాత అధికారి బూటు వైపు వంగాడు. అధికారి కాలు వెనక్కి తీసుకున్నాడు.

మాస్టారికి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. తన కాలు గుడ్లలో ఉంది. అధికారి కాళ్ళు డాష్‌బోర్డు మీద ఉన్నాయి. ఇక మిగిలింది ఒక్క కాలే. పావురాన్నీ పెట్టెనూ కూడా ఆ కాలే కాపాడి ఉండేది, తాను ఒక్క క్షణం ఆగి ఉంటే. "ఆపింది మా ఆవిడండీ. ఇక్కడ బుర్ర పనిచేసింది తనకొక్కదానికే" అన్నారు గట్టిగా, వీధంతా వినేలా.

అధికారి పాత కాగితం చింపి, కొత్తది తీసి, 'అత్యవసర పరిస్థితిలో నేర్పు: చాలా బాగుంది' అని రాసి సంతకం పెట్టాడు. కాగితం ఇస్తూ, "ఆ ముద్రలు తుడిచేస్తే బాగుంటుంది కదమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"గుడ్లతోపాటే తుడిచేస్తామండీ" అంది ఆవిడ.

బేకరీకి ఫోను చేస్తే యజమానురాలు ఎన్ని గుడ్లు మిగిలాయని అడిగింది. పదకొండు. అవతల కాసేపు నవ్వు వినిపించింది, తర్వాత రేపు ఆరింటికల్లా రమ్మంది. ఆవిడ ఫోను పెట్టేసి, సీటు సర్దుకుని, పక్క సీటు తలుపు లోపలినుంచి తీసింది.

"రండి, నా పక్కనే కూర్చోండి. పాసయ్యానుగా, ఇక భయం లేదు."

మాస్టారు ముందు సీట్లోనే కూర్చున్నారు, బాసింపట్టు వేసుకుని.